కుడివైపు గుర్రం

సెప్టెంబరు, ఆటలు ముగిసిన మర్నాడు

నిన్న చివరి పందెంలో మౌరస్‌ను ముందుకు పోనిచ్చాను. పోనిచ్చాను అనే రాస్తున్నాను, ఎందుకంటే జరిగింది అదే. ఆఖరి చుట్టులో నా వెస్పర్‌ను కొంచెం లాగి పట్టాను, వయసు మీదపడిన గుర్రాన్ని చంపుకోవడం దేనికని. వాడు పక్కనుంచి దూసుకుపోయాడు. జనం వాడి పేరూ, వాడి ఎడమ గుర్రం పికస్ పేరూ కలిపి గొంతులు పోయేదాకా అరిచారు.

ఇంటికొచ్చేసరికి మిర్టాలి నీళ్ళు తోడి పెట్టింది.

"ఒళ్ళంతా దుమ్మే. ముందు పోయినోడి దుమ్మేనా?" అంది.

"నేనే పోనిచ్చాను."

"జులైలోనూ నువ్వే పోనిచ్చావు. ఆగస్టులోనూ నువ్వే. ఎంత పెద్ద మనసయ్యా నీది," అని వీపు రుద్దింది, తోలు ఊడొచ్చేటట్టు.

పెళ్ళాం అన్నాక అంటుంది. పందెం గురించి దానికేం తెలుసు.

సెప్టెంబరు, వాన రోజు

మౌరస్ గురించి ఆలోచించకూడదనుకుంటూనే పొద్దంతా వాడి గురించే ఆలోచించాను. రెండేళ్ళ కింద చలికాలంలో ఆఫ్రికా ఓడ దిగినప్పుడు వాడికి మా భాష రాదు, మా మలుపులు తెలియవు. పగ్గాలు నడుముకు చుట్టుకోవడం, పడితే కత్తి తీసి కోసుకోవడం నేనే నేర్పాను. వాడు అన్నిటికన్నా ముందు నేర్చుకున్న మాట అన్నా. ఇవాళ్టికీ, నన్ను ఓడించి రథం దిగాక కూడా, అన్నా అంటూ నా దగ్గరికే వస్తాడు. అదే నాకు మంట.

ఒళ్ళు పొగరున్నవాడైతే హాయిగా తిట్టుకునేవాణ్ణి.

సెప్టెంబరు చివర

విబియస్ పిలిపించాడు. మా పచ్చరంగు లాయానికి యజమాని, మమ్మల్నీ గుర్రాల్నీ ఒకే సంతలో కొన్నవాడు. ఉల్లిపాయ నములుతూ మాట్లాడాడు.

"ఏరా ట్రోఫిమస్, నవంబరు ఆటలకు మొదటి రథం ఒక్కటే. నువ్వన్నా తోలాలి, మౌరస్ అన్నా తోలాలి. అక్టోబరు నడుమ ఇడ్స్ రోజు పందెం అయ్యాక తేలుస్తాను."

"రెండోవాడి సంగతేంటి దొరా?"

"మౌరస్‌కు వయసుంది, రెండో రథం ఎక్కుతాడు. నీకైతే ఓస్టియా రేవులో పని చూసి పెట్టాను. గోధుమ బండ్లు తోలుకోవచ్చు. కష్టం లేని పని. ముసలితనానికి అంతకన్నా ఏం కావాలి."

నవ్వాను. విబియస్ ముందు నవ్వకపోతే తప్పు.

పూజారులు చెప్పేది వినడానికి బాగుంటుంది. నాలుగు గుర్రాల రథం సూర్యుడిదట, రెండు గుర్రాలది చంద్రుడిదట. పన్నెండు గేట్లు పన్నెండు రాశులట, ఏడు చుట్లు ఏడు గ్రహాలట. మేం రోజూ ఆకాశాన్ని తోలుతున్నామట. గెలిచినవాడు కిరీటం పెట్టుకుని చెయ్యెత్తితే పై మెట్ల మీదివాళ్ళకు సాక్షాత్తూ సూర్యుడే కనిపిస్తాడట. ఇన్నేళ్ళలో నాకు కనిపించింది గుర్రాల పిర్రలు. ఇక గోధుమ బండి ముందు ఎద్దుల పిర్రలు చూసుకోమంటున్నాడు.

పోను. చచ్చినా ఓస్టియా పోను.

అక్టోబరు మొదటి తేదీ

ఊళ్ళో జ్వరాలు తగ్గడం లేదు. యుద్ధదేవుడు మార్స్‌కు కోపం వచ్చిందని పూజారులు తేల్చారు. తప్పంతా మాదే. నెల నడుమ, ఇడ్స్ రోజున, మార్స్ మైదానంలో రెండు గుర్రాల పందెం పెట్టి, గెలిచిన జోడీలో కుడివైపు గుర్రాన్ని ఈటెతో పొడిచి ఆయనకు ఇస్తాం కదా. ఏటా లాయాలన్నీ కుంటిదాన్నో గుడ్డిదాన్నో కుడివైపు కట్టి పంపుతున్నాయి. ఈసారి అలా కుదరదట.

"దేవుడికి ముసలి తోలు పెట్టి మోసం చేశారు. పేరున్న సారథులు, పందేల్లో నడిచే జోడీలు, అవే రావాలి. దేవుడు గెలిచినదాన్నే తీసుకుంటాడు," అన్నాడు పూజారి, లాయం నడుమ నిలబడి. ఆయన చెప్పుకు పేడ అంటింది. చూసుకోలేదు.

ఓడినవాళ్ళకు ఏమీ కాదు, గెలిచినవాడి ఇల్లు కూలుతుంది. దేవుడి న్యాయం ఇదీ.

పూజారి వెళ్ళాక, మౌరస్ గుర్రాలకు నీళ్ళు పెట్టడానికి పోయినప్పుడు, విబియస్ లెక్క తేలిగ్గా చెప్పేశాడు. "మౌరస్ ఎలాగూ గెలుస్తాడు. పికస్ ఎడమవైపు గుర్రం, దానికి ఢోకా లేదు. కుడివైపు గాల్లస్ పోతుంది. పోతే పోనీ, దాని దగ్గేం బాగాలేదు."

నా జోడీలో కుడివైపుది వెస్పర్. నేను గెలిస్తే అది పోతుంది. ఆ మాట ఎవరూ అనలేదు. నేను గెలుస్తానని ఎవరికీ అనిపించనే లేదు.

ఇవాళ్టి నుంచి ఇడ్స్ దాకా లాయంలో ఆ చావు మాట ఎత్తకూడదు. గుర్రాల చెవిన పడితే మేత మానేస్తాయి. పాత ఆచారం.

అక్టోబరు, మర్నాడు

వెస్పర్‌కు అంజూరపు పండు పెట్టాను. ఇంకేమీ రాయాలని లేదు.

అక్టోబరు, స్నానశాలకు వెళ్ళిన రోజు

జరిగింది జరిగినట్టు రాసుకుంటాను. తరువాత నా మీద నాకే అనుమానం రాకూడదు.

వేడినీళ్ళ గదిలో మౌరస్ నా పక్కకు జరిగాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"అన్నా, ఒకటి అడగనా? లాయంలో అడిగితే అందరూ నోరు మూసుకో అంటన్నారు."

"అడుగు."

"దేవుడు తీసుకునేది ఎడమదాన్నే గదా?"

నేను భుజానికి నూనె రాసుకుంటున్నాను. రాసుకుంటూనే ఉన్నాను. "ఎవరు చెప్పారు?" అన్నాను.

"ఎవరు చెప్పాలన్నా? ఎడమదే గదా అసలు గుర్రం. మలుపు రాయిని రాసుకుంటా తిరిగేది అదే, జనం పేరు పెట్టి పిలిచేదీ దాన్నే. దేవుడంతటివాడు మంచిది వదిలేసి పక్కదాన్ని అడుగుతాడా? పోయినేడు చూద్దామంటే భుజం విరిగి మంచాన పడి ఉన్నా."

పెద్ద పందేలు తోలేవాళ్ళు అలాగే అనుకుంటారు. వాడి జాగాలో ఉంటే నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

"అందుకే ఒకటి చేద్దామనుకుంటన్నా. పికస్‌ను కుడివైపుకు మార్చి గాల్లస్‌ను ఎడమ కడతా. గాల్లస్ పాపం గానీ, పికస్ పోతే నేను బతకనన్నా. అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు నేను. దీన్ని తలుచుకుంటే నిద్ర రాటం లేదు. మార్చనా?"

"మార్చు," అన్నాను.

వాడు నా చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. నూనె చెయ్యి, జారిపోయింది.

ఒక్కటే మాట. అది అబద్ధం కాదు. మార్చనా అని వాడడిగాడు, మార్చు అని నేనన్నాను. ఎడమదే అని నేను అనలేదు. పైన రాసింది మళ్ళీ చదివాను. అనలేదు.

అక్టోబరు, మర్నాడు

మౌరస్ ప్రాణానికి వచ్చిన ముప్పేమీ లేదు. పోయేది గుర్రం. గుర్రం పోతే ఇంకో గుర్రం వస్తుంది. వాడికి వయసుందని విబియస్సే అన్నాడు.

పికస్ లేని మౌరస్‌కు విబియస్ మొదటి రథం ఇవ్వడు. నేను చెయ్యవలసిందల్లా వాణ్ణి గెలవనివ్వడం. ఆఖరి చుట్టులో వెస్పర్‌ను లాగి పడితే చాలు. అది నాకు అలవాటైన పనే.

సంబరంగా ఉంది. దాచుకోవడం ఎందుకు, ఉంది. మిర్టాలి పప్పు వడ్డిస్తూ నా మొహం చూసి, "ఏంటంత హుషారు? ఓస్టియాలో ఇల్లు దొరికిందా?" అంది.

అక్టోబరు, ఇడ్స్‌కు ముందు రోజు

చివరిసారి రథం తోలి చూసుకుంటుంటే పెద్ద గుర్రపువాడు నన్ను పక్కకు లాగాడు. జోడీలు కట్టేది ఆయనే.

"మౌరస్‌గాడికి పిచ్చి పట్టిందా? రేపటికి పికస్‌ను కుడివైపు కట్టమంటన్నాడు."

"మొక్కు," అన్నాను. "తనకు ప్రాణమైనదాన్నే దేవుడికి ఇస్తానని మొక్కుకున్నాడు. వాణ్ణి అడగొద్దు. మాట బయటపడితే మొక్కు చెడిపోతుంది. దొరకూ చెప్పొద్దు."

ఆ ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. కాసేపటికి మౌరస్ ఎదురైతే రెండు చేతులూ జోడించాడు. మౌరస్‌కు ఏమీ అర్థంకాక తనూ జోడించాడు. నాకు నవ్వొచ్చింది, గడ్డివాము వెనక్కి వెళ్ళి నవ్వుకున్నాను.

ఇడ్స్

పొద్దున్నించీ ఎండ బాగా కాసింది. మబ్బు లేదు.

నాలుగు జోడీలం బారు తీరాం. మౌరస్ నా ఎడమ పక్కన. పికస్ కుడివైపు కాడి కింద ఎవరి ఇంటికో వచ్చినట్టు అటూ ఇటూ చూస్తోంది. మౌరస్ నాకు కన్ను గీటాడు. పందెం మొదలని పూజారి గుడ్డ జారవిడిచాడు.

ఎడమ గుర్రాన్ని కుడివైపు కడితే ఏమవుతుందో మొదటి మలుపులో చూశాను. లోపలివైపు తిరగడం అలవాటైన పికస్ లోపలికే తోసింది. గాల్లస్ ఆ బరువుకు తడబడింది. వాళ్ళ రథం ఒక పక్కకు ఒరిగింది, మౌరస్ వెనక్కి వాలి పగ్గాలకు వేలాడాడు. ఇంత చిన్న విషయం, ఇన్నేళ్ళు రథం తోలినవాడికి ముందు తట్టలేదు. తట్టకపోవడం కాదు, నా ఆలోచనంతా కుడివైపు ఈటె దగ్గరే ఆగిపోయింది.

రెండో మలుపులో నీలిరంగు లాయంవాళ్ళ చక్రం ఊడింది. తెల్లరంగువాడు ఎప్పుడూ వెనకే. చూస్తే నా ముందు ఎవరూ లేరు.

మౌరస్ రావాలి. తల తిప్పి చూశాను. చాలా వెనకున్నాడు. వెస్పర్‌ను లాగి పట్టాలి, ఇప్పుడే, అనుకున్నాను. అప్పుడు వినపడింది. ట్రోఫిమస్, ట్రోఫిమస్ అని. మైదానం మొత్తం. ఈ ఏడు ఎవరూ పిలవని పేరు. వెస్పర్ చెవులు నిక్కబొడుచుకుంది, దానికీ ఆ పేరు గుర్తుంది.

లాగి పట్టాను. పగ్గాలు వానకు తడిసి ఉన్నాయి, చేతుల్లో జారాయి. నేనేం చెయ్యను.

గెలిచాను.

గెలిచినవాడే కళ్ళెం పట్టుకోవాలి. పట్టుకున్నాను. వెస్పర్‌కు చెమటలు కారుతున్నాయి. పండు కోసం నా అరచెయ్యి నాకింది. చేతిలో ఏమీ లేదు. పూజారి ఈటె ఎత్తినా అది ఆయన్ను చూడలేదు, నన్నే చూస్తోంది. ఒక్క పోటుకు చావలేదు. పూజారికి చేతకాలేదు, మూడోసారికి గానీ పడలేదు. కాళ్ళు కొట్టుకుంటుంటే నా మోకాలికి దెబ్బ తగిలింది.

తల నరికి రొట్టెల దండ వేశారు. ఏటా లాగే ఆ తల తమకే కావాలని సుబురా పేటవాళ్ళూ పవిత్రవీధివాళ్ళూ పళ్ళూడేలా కొట్టుకున్నారు. ఇంకొకడు తోక పట్టుకుని రక్తం ఆరకముందే దేవుడి పొయ్యిలో చుక్కలు పడాలని పరుగెత్తాడు. జనం నన్ను భుజాల మీద మోశారు. నా మోకాలు నొప్పి పుడుతోందని ఎవరికీ చెప్పలేకపోయాను.

ఇడ్స్ మర్నాడు

మౌరస్ వచ్చాడు. తన్నుకుందామని వచ్చాడనుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. చంపేది కుడివైపుదాన్నని వాడు నిన్న కళ్ళారా చూశాడు కదా.

గుమ్మంలోనే కూలబడి నా కాళ్ళు పట్టుకున్నాడు.

"నాకిప్పుడు తెలిసిందన్నా," అన్నాడు. ఎక్కిళ్ళ మధ్య మాట సరిగ్గా రావడం లేదు. "పక్క మారితే పికస్ పరిగెత్తదని నీకు తెలుసు. నేను ఓడిపోవాలనే మార్చమన్నావు. నేను గెలిస్తే ఏదో ఒక గుర్రం పోయేది. నా రెండు గుర్రాలూ బతకాలని నీ వెస్పర్‌ను ఇచ్చుకున్నావు. నీ మొహం చూశాను నిన్న, దాని కళ్ళెం పట్టుకున్నప్పుడు. నా సొంత అన్నయినా ఇంత చెయ్యడు."

మిర్టాలి గిన్నెలు కడగడం ఆపింది. నా వైపు చూసింది. వాడి తల మీద చెయ్యి పెట్టాను.

"లే," అన్నాను. "ఏడవకు."

అంతకంటే ఏమంటాను.

అక్టోబరు, ఆ తరువాత

లాయమంతా అదే మాట. పెద్ద గుర్రపువాడు మొక్కు సంగతి తనకు తోచినట్టు సర్దుకున్నాడు. మౌరస్ మొక్కుకున్నాడట, నేను ఆ మొక్కును నా మీద వేసుకున్నానట. విబియస్ కూడా వీపు తట్టాడు. "పికస్‌ను కుడివైపు కట్టారని తెలిస్తే ఆ రోజే గుండె ఆగి చచ్చేవాణ్ణిరా. నీ ముసలిదాన్ని పోగొట్టి నా పికస్‌ను మిగిల్చావు."

నిజానికి నేను చేసిందీ అదే. పక్క మారితే పికస్ పరిగెత్తదు, అది ఏ సారథికైనా తెలుసు. నాకు తెలియకుండా ఎలా ఉంటుంది. తెలిసే మార్చమన్నాను.

అక్టోబరు చివర

మౌరస్ విబియస్ దగ్గరికి వెళ్ళి పికస్‌ను నాకు ఇమ్మని అడిగాడు. మొదటి రథం నాకే ఇమ్మన్నాడు. అన్నకు గుర్రం లేకుండా చేశాను, ఈ రుణం ఇలాగే తీరాలన్నాడట.

"వాడే అడుగుతున్నాడు, నాకేం పోయింది. ఊళ్ళోనూ నీ పేరే మోగుతోంది," అన్నాడు విబియస్. మౌరస్‌కు రెండో రథం, ఎడమవైపు ఆస్పర్ అనే పిల్లగుర్రం.

వద్దంటే వాడు బాధపడతాడు. ఒప్పుకున్నాను.

నవంబరు, ఆటలకు ముందు

ఆస్పర్ వేగంలో మంచిదే. పందెం బాట నడుమ సూర్యుడి పేరిట నిలబెట్టిన రాతికంభం నీడ బాట మీద పడితే మాత్రం దాటదు, ఎగిరి పక్కకు దూకుతుంది. వేసవిలో ఒక సాయంత్రం ఒంటరిగా తోలి చూశాను. నాకు తప్ప ఎవరికీ తెలియదు. నవంబరులో ఆ నీడ మధ్యాహ్నమే బాట మీదికి వస్తుంది.

ఈ సంగతి మిర్టాలితో అనడం పొరపాటు.

"వాడికి చెప్పావా?" అంది.

"సారథి అన్నాక తన గుర్రం సంగతి తనే చూసుకోవాలి."

"చెప్పయ్యా. ఇప్పుడే పోయి చెప్పు. నిన్ను అన్నా అంటాడు వాడు."

"పందెం ముందు భయం మాటలు చెప్పకూడదు."

"ఇదేం ఆచారమయ్యా? నేనెప్పుడూ వినలేదే."

ఉంది. నేను చిన్నప్పుడు విన్నాను.

నవంబరు, పందెం రోజు

పికస్ గెలిచింది.

నవంబరు, మర్నాడు

నాలుగో చుట్టులో వాడు ఎడమ చెయ్యి కిందికి దించాడు. చెయ్యి దించకు, దించితే ఎడమ గుర్రం నీ మాట వినదు అని ఎన్నిసార్లు చెప్పానో. నేను వెనకే ఉన్నాను, అంతా కనపడింది. ఆస్పర్ నీడను చూసి ఎగిరింది. రథం గోడకు కొట్టుకుంది. నడుముకు చుట్టిన పగ్గాలు వాణ్ణి లాక్కుపోయాయి. చెయ్యి కత్తి దాకా పోయింది, కత్తి తీశాడు కూడా. నేర్పింది గుర్తుంది వాడికి. కొయ్యడానికి మాత్రం వ్యవధి లేకపోయింది.

నా రథం వాడి మీదుగా వెళ్ళలేదు. వెళ్ళిందని తెల్లరంగువాళ్ళు అంటున్నారు. పక్కగా వెళ్ళింది.

కిరీటం పెట్టాక చెయ్యెత్తాను. పై మెట్ల మీదనుంచి సూర్యుడు, సూర్యుడు అని అరిచారు. ఎండ కళ్ళలో పడి ఎవరూ కనిపించలేదు.

లాయంలో బల్ల మీద పడుకోబెట్టేసరికి వాడింకా బతికే ఉన్నాడు. "పికస్?" అన్నాడు. గెలిచిందన్నాను. నవ్వడానికి చూశాడు, పళ్ళు లేవు. "నీ చేతిలో ఉంది గనక," అన్నాడు. తరువాత వాళ్ళ భాషలో ఏదో అన్నాడు, మాకెవరికీ తెలియలేదు.

మిర్టాలి వాడి ఒళ్ళు కడిగింది. నన్ను దగ్గరికి రానివ్వలేదు. ఇంటికి కూడా రాలేదు.

నవంబరు చివర

సారథులు పోతే రాయి వేయించడం మా ఆచారం. లాయంలో చదువొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, మాటలు నన్నే చెప్పమన్నారు. రాళ్ళు చెక్కేవాడి కొట్టుకు వెళ్ళాను. ముక్కు మీద సున్నం, చెవిలో సుద్దముక్క, వాగుడుకాయ.

"మౌరస్, పచ్చరంగు సారథి. సూర్యుడి బాటలో పడిపోయాడు. అన్న ట్రోఫిమస్ ఈ రాయి నిలిపాడు," అన్నాను.

"బాగుంది. తమ్ముడి మీద మీకున్న ప్రేమ తెలుస్తంది," అని సుద్దతో గీతలు గీసుకుంటూ ఆగాడు. "వాడు ఆఫ్రికావాడని విన్నానే. సొంత అన్నేనా మీరు? రాయి మీద అబద్ధం చెక్కితే చచ్చినవాళ్ళు ఊరుకోరు, అందుకని అడుగుతన్నా."

"సొంత అన్ననే," అన్నాను.

వాడు తలూపి ఉలి తీశాడు.